గణితం చదివినవారికి విశ్వశాస్త్రంలో చోటుందా?

గణిత పరిశోధన, విశ్వశాస్త్రం, విశ్వవిద్యాలయ బోధన గురించి ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాము. వచ్చిన ఉత్తరాలన్నింటికీ జవాబివ్వడానికి ఈ పుటలు చాలవు కనుక ఆరింటిని ఎంచుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా హైదరాబాదులో డిగ్రీ, పీజీ విద్యార్థులకు గణితం చెప్పిన అనుభవంతో రాస్తున్నాను.

ప్రశ్న: నేను ఎం.ఎస్సీ. గణితం రెండో సంవత్సరం చదువుతున్నాను. విశ్వం పుట్టుక గురించి పరిశోధన చేయాలన్న కోరిక ఇంటర్ రోజులనుంచీ ఉంది. అయితే డిగ్రీలో ఎంపీసీ చదివినప్పటి ఫిజిక్స్ తప్ప నాకు భౌతికశాస్త్రం రాదు. ‘అది ఫిజిక్స్ వాళ్ల పని, నువ్వు నెట్ రాసి లెక్చరర్ పోస్టు చూసుకో’ అని హాస్టల్లో సీనియర్లు అంటున్నారు. నాకు ఆ రంగంలోకి దారి ఉందా?
– ఒక విద్యార్థిని, తార్నాక

జవాబు: దారి ఉందమ్మా. ఆ దారి వేసినవారిలోనే గణితం వైపునుంచి వచ్చినవారు ఉన్నారు. రష్యాలోని పెట్రోగ్రాడ్‌లో పనిచేసిన అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్ గణితవేత్త, అధ్యాపకుడు, వాతావరణ శాస్త్రంలో కూడా చేయి తిరిగినవాడు. గురుత్వాకర్షణను వివరించడానికి ఐన్‌స్టీన్ 1915లో పూర్తిచేసిన సాధారణ సాపేక్షతా సమీకరణాలను తీసుకుని, పదార్థం విశ్వమంతటా ఒకే తీరున పరుచుకుని ఉందనుకుంటే అవి ఏం చెబుతాయో ఆయన 1922లో లెక్కగట్టారు. విశ్వం కదలకుండా ఉండనక్కరలేదని, కాలం గడిచేకొద్దీ అది విస్తరించవచ్చని, కుంచించుకుపోనూవచ్చని ఆ లెక్కలో తేలింది. ఐన్‌స్టీన్ మొదట అందులో తప్పుందని అచ్చులో ప్రకటించి, మరుసటి ఏడాది తన అభ్యంతరమే పొరపాటని అచ్చులోనే ఒప్పుకున్నారు. ఫ్రీడ్‌మన్ 1925లో, ముప్పై ఏడేళ్ల వయసులో చనిపోయారు. దూరపు గెలాక్సీలు మననుంచి ఇంకా దూరంగా జరుగుతున్నాయని, ఎంత దూరాన ఉంటే అంత వేగంగా జరుగుతున్నాయని అమెరికా ఖగోళవేత్త హబుల్ కొలిచి చూపింది 1929లో. తన లెక్క ఆకాశంలో నిజమని తెలియకుండానే ఆయన వెళ్లిపోయారన్న సంగతి తరగతిలో చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పట్టుకునేది.

ఈ రంగం మీకు ఎంత దగ్గరగా ఉందో చూడడానికి ఒక కాగితం తీసుకుని కూర్చోండి. ఒక మెగాపార్సెక్ దూరంలో ఉన్న గెలాక్సీ సెకనుకు సుమారు 70 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోంది. ఒక మెగాపార్సెక్ అంటే 3.09ని 10 ఘాతం 19తో గుణించినన్ని కిలోమీటర్లు. ఆ దూరాన్ని ఆ వేగంతో భాగిస్తే 4.4ని 10 ఘాతం 17తో గుణించినన్ని సెకన్లు వస్తాయి. ఏడాదికి మూడు కోట్ల పదహారు లక్షల సెకన్లు లెక్కవేస్తే అది దాదాపు 1400 కోట్ల సంవత్సరాలు. వేగం ఎప్పుడూ మారలేదనుకుంటే విశ్వం వయసు ఇది.

కానీ పదార్థం పదార్థాన్ని ఆకర్షిస్తుంది కనుక విస్తరణ వేగం క్రమంగా తగ్గుతూ వచ్చి ఉండాలి. విశ్వంలో పదార్థం తప్ప మరేమీ లేదనుకుని, వక్రతను కూడా పక్కనబెట్టి ఫ్రీడ్‌మన్ సమీకరణం రాస్తే, విశ్వపు కొలత మారే వేగపు వర్గం ఆ కొలతకు విలోమానుపాతంలో ఉంటుంది. దీన్ని సాధించడానికి డిగ్రీ మొదటి సంవత్సరంలో నేర్చిన చరరాశులను వేరుపరచే పద్ధతి చాలు. విశ్వపు కొలత కాలానికి 2/3 ఘాతంగా పెరుగుతుందని వస్తుంది, దానినుంచి విశ్వం వయసు ఇందాకటి 1400 కోట్లలో మూడింట రెండు వంతులని, అంటే సుమారు 930 కోట్ల ఏళ్లని తేలుతుంది. ఇక్కడ కలం ఆపి ఆలోచించండి. మన గెలాక్సీలోని గోళాకార నక్షత్రగుచ్ఛాల్లో 1200 కోట్ల ఏళ్లు దాటిన నక్షత్రాలున్నాయి. తల్లికంటే బిడ్డ పెద్దదని లెక్క చెబుతోంది. మీ సమాకలనంలో తప్పులేదు, కాబట్టి మనం మొదట అనుకున్నదాంట్లో ఏదో లోపం ఉండాలి. 1998లో రెండు బృందాలు దూరపు సూపర్నోవాలను, అంటే పేలిపోయే నక్షత్రాలను, కొలిచి, విస్తరణ నెమ్మదించడం మాట అటుంచి వేగం పుంజుకుంటోందని కనుగొన్నాయి. ఆ కారణాన్ని కృష్ణశక్తి (డార్క్ ఎనర్జీ) అంటున్నాము. సమీకరణంలో దానికి సంబంధించిన పదం చేర్చి మళ్లీ సమాకలనం చేస్తే సుమారు 1380 కోట్ల ఏళ్లు వస్తుంది, ఆ చిక్కు విడిపోతుంది.

ఈ లెక్కలో మీకు రాని గణితం ఏదీ లేదు. మీరు నేర్చుకోవలసినవి వేరే ఉన్నాయి. అవకలన జ్యామితి మీ పీజీ సిలబస్‌లో ఐచ్ఛికమైతే దాన్ని వదులుకోకండి. వక్రతలం మీద సమాంతరంగా ఒక సదిశను జరుపుకుంటూ వెళ్లి బయలుదేరిన చోటికి వస్తే అది వేరే దిక్కు చూస్తూ ఉంటుందన్న విషయం చేత్తో లెక్కచేసి నమ్మిన రోజున సాధారణ సాపేక్షతలో సగం అర్థమైనట్లే. దాంతోపాటు యాంత్రిక శాస్త్రం, ఉష్ణగతిక శాస్త్రం, విద్యుదయస్కాంతత్వం డిగ్రీ పుస్తకాలనుంచే మళ్లీ చదవాలి. ఏడాది పడుతుంది. ఫిజిక్స్ విభాగంలో సాపేక్షత పాఠం జరుగుతుంటే అధ్యాపకుల అనుమతి అడిగి వెనక బెంచీలో కూర్చోండి. ఆసక్తితో వచ్చిన విద్యార్థిని కాదన్న అధ్యాపకుణ్ణి నేను చూడలేదు.

శుద్ధగణితంలోనే ఉండి విశ్వశాస్త్రానికి పనికొచ్చే పనిచేసినవారు మన తెలుగునాట కూడా ఉన్నారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు సుబ్బరామయ్య మీనాక్షిసుందరం 1949లో స్వీడన్ గణితవేత్త ప్లెయెల్‌తో కలిసి ఒక వ్యాసం అచ్చువేశారు. వక్రమైన తలం మీద వేడి ఎలా వ్యాపిస్తుందో, డప్పు చర్మంలాంటి ఆ తలానికి ఏయే స్వరాలుంటాయో, ఆ స్వరాలను బట్టి దాని వైశాల్యం, వక్రత గురించి ఏం చెప్పవచ్చో అందులో ఉంది. 1977లో స్టీఫెన్ హాకింగ్ వక్ర దేశకాలంలో క్వాంటం లెక్కల అనంతాలను అదుపుచేయడానికి వాడిన జీటా ప్రమేయ పద్ధతి ఈ జాతిదే. సముద్రపు ఒడ్డున సుద్దముక్కతో పాఠం చెప్పిన మనిషి సమీకరణం కృష్ణబిలాల లెక్కల్లో పనికొచ్చింది.

ఇక నెట్ సంగతి. సీనియర్ల మాటలో అది మీ కోరికకు అడ్డంగా వినిపిస్తోంది గానీ, గణితంలో సీఎస్‌ఐఆర్ నెట్ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మీ పరిశోధనకు తిండిపెట్టే పరీక్ష. జాతీయ ఉన్నత గణిత మండలి పిహెచ్.డి. ఉపకారవేతనం పరీక్ష కూడా రాయండి. అందులో బట్టీకి చోటు తక్కువ, ఆలోచనకు ఎక్కువ. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గణితం, భౌతికశాస్త్రం రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి. దరఖాస్తు పెట్టేముందు అక్కడి సెమినార్లు రెండు మూడు వినండి. మొదటిసారి ఏమీ అర్థం కాదు, అందుకు బెంగపడవద్దు.

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో తొమ్మిదేళ్లుగా గణితం చెబుతున్నాను. వారానికి పద్దెనిమిది పీరియడ్లు, ఇంటర్నల్స్, పేపర్లు దిద్దడం, అడ్మిషన్ల పని. పిహెచ్.డి. చేయాలని ఉంది, సాపేక్షతా సిద్ధాంతంలో ఇష్టం. బోధనలో మునిగినవాళ్లకు పరిశోధన అందని ద్రాక్షేనా? పార్ట్ టైమ్‌గా చేస్తే విలువ ఉంటుందా?
– ఒక అధ్యాపకుడు, వనస్థలిపురం

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ పరిస్థితిలో నేనూ పన్నెండేళ్లు ఉన్నాను.

ముందు ఒక మనిషిని గురించి చెబుతాను. కలకత్తాలో అమల్ కుమార్ రాయ్‌చౌధురి యువకుడిగా కాలేజీలో పాఠాలు చెబుతూ, పెద్ద గైడు అండ లేకుండా, సాధారణ సాపేక్షతను ప్రధానంగా సొంతంగానే చదువుకున్నారు. ఫ్రీడ్‌మన్ విశ్వంలో కాలాన్ని వెనక్కి నడిపిస్తే ఒకచోట సాంద్రత అనంతమవుతుంది. అది నిజంగా ప్రకృతి లక్షణమా, లేక పదార్థం అంతటా ఒకే తీరున ఉందని మనం పెట్టుకున్న అనుకోలువల్ల వచ్చిందా అని అప్పట్లో చాలామందికి అనుమానం. నలువైపులనుంచీ ఒకే వేగంతో ఒకే బిందువు వైపు పరుగెత్తేవాళ్లు ఢీకొంటారు, కాస్త అటూ ఇటూగా పరుగెత్తితే తప్పించుకుపోతారు కదా అన్నది ఆ వాదన. రాయ్‌చౌధురి ఆ అనుకోలు తీసేసి లెక్కచేశారు. స్వేచ్ఛగా పడిపోతున్న ధూళిముద్దను తీసుకుని, దాని విస్తరణ రేటు ఎలా మారుతుందో ఒకే సమీకరణంలో రాశారు. పదార్థం ముద్దను దగ్గరకు లాగుతుంది, ముద్ద ఆకారం సాగి వంకర కావడం కూడా దగ్గరకే లాగుతుంది, ముద్ద తిరగడం ఒక్కటే దూరంగా నెడుతుంది. తిరగడం లేకపోతే, ఆకారం ఎంత వంకరగా ఉన్నా తప్పించుకునే వీలు లేదు. 1955లో ఫిజికల్ రివ్యూలో అచ్చయిన ఈ సమీకరణం మీద ఆధారపడే రోజర్ పెన్‌రోజ్ 1965లో, తరువాత హాకింగ్ తమ సింగులారిటీ సిద్ధాంతాలు, అంటే అలాంటి అనంతాలు తప్పవని చెప్పే సిద్ధాంతాలు, నిర్మించారు. పెన్‌రోజ్‌కు 2020లో నోబెల్ వచ్చింది. రాయ్‌చౌధురికి డాక్టరేటు వచ్చింది ఆ వ్యాసం అచ్చయిన కొన్నేళ్లకు, ఆ పరీక్షకుల్లో అమెరికా భౌతికవేత్త జాన్ వీలర్ ఒకరు. ఆ తరువాత దశాబ్దాలపాటు ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పారు. ఆయన విద్యార్థులు ఆయన్ని ముందు గురువుగా తలచుకుంటారు, తరువాతే సమీకరణం మాట ఎత్తుతారు.

అందరం రాయ్‌చౌధురులం కాలేము, ఆ మాట దాచనక్కరలేదు. ఆయన ఎంచుకున్న ప్రశ్నకు ప్రయోగశాల అక్కరలేదు, కాగితం కలం చాలు, ఒక పీరియడుకూ ఇంకో పీరియడుకూ మధ్య మనసులో మోసుకుతిరగవచ్చు. మీరు ప్రశ్న ఎంచుకునేటప్పుడు చూసుకోవలసింది ఇదే. గంటల తరబడి కంప్యూటరు మీద సిమ్యులేషన్లు నడిపే పని మీ టైంటేబుల్‌కు సరిపడదు. ఖచ్చితమైన సాధనలు వెతకడం, ఒక దేశకాలపు సౌష్ఠవాలను వర్గీకరించడం, అవకలన సమీకరణాల గుణాత్మక విశ్లేషణ వంటివి సరిపడతాయి.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పార్ట్ టైమ్ పిహెచ్.డి.కి అనుమతి ఉంది. మీ కాలేజీ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి, పన్నెండు క్రెడిట్లకు తగ్గకుండా కోర్సువర్క్ చేయాలి, కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, ఆపైన విశ్వవిద్యాలయం ఇచ్చే పొడిగింపు. పట్టా విలువ పార్ట్ టైమ్ అయినంతమాత్రాన తగ్గదు. థీసిస్ ఇచ్చేముందు వ్యాసం అచ్చుకావాలన్న షరతు జాతీయ నిబంధనల్లో ఇప్పుడు లేదు గానీ, మీరు చేరే విశ్వవిద్యాలయం సొంత నియమాలు పెట్టుకోవచ్చు, అడిగి తెలుసుకోండి. ఈ సందర్భంలో ఒక హెచ్చరిక. డబ్బు కడితే వారంలో అచ్చువేస్తామనే పత్రికలనుంచి మీకు రోజూ ఈమెయిళ్లు వస్తాయి. వాటిలో ఒక్క వ్యాసం వేసినా ఆ మచ్చ పోదు. మంచి పత్రికలో పరిశీలకుడు తిప్పి పంపిన వ్యాసం కూడా మీకు పాఠం చెబుతుంది, ఈ పత్రికల్లో అచ్చయినదానివల్ల ఏ పాఠమూ రాదు. వ్యాసం సిద్ధమైతే 1991 నుంచి నడుస్తున్న ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైటులో పెట్టండి, అక్కడ ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చదువుతారు. మీరూ రోజూ ఉదయం సాధారణ సాపేక్షత విభాగంలో కొత్తగా వచ్చిన వ్యాసాల సారాంశాలు చదవండి, పదిహేను నిమిషాలు పడుతుంది.

ఖగోళశాస్త్ర పరిశోధనకోసం పూణెలో ఉన్న ఐయూకా సంస్థ విశ్వవిద్యాలయాల, కాలేజీల అధ్యాపకులకు విజిటింగ్ అసోసియేట్‌గా వచ్చి పనిచేసుకునే అవకాశం ఇస్తుంది. వేసవి సెలవుల్లో మూడు వారాలు అక్కడి గ్రంథాలయంలో కూర్చుంటే ఏడాది మొత్తం మిమ్మల్ని నడిపించే ప్రశ్న దొరుకుతుంది.

బోధన మిమ్మల్ని పరిశోధనకు దూరం చేస్తోందన్న మీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ నా అనుభవం పూర్తిగా అలా లేదు. ఒక ఏడాది బి.ఎస్సీ. మూడో సంవత్సరంలో సమరూప సంతతత్వం చెబుతుండగా వెనక బెంచీ అబ్బాయి లేచి, ‘సార్, ఈ డెల్టా బిందువుతో మారకూడదని మీరు ముందే ఎందుకు అనుకున్నారు?’ అన్నాడు. జవాబు చెప్పాననుకున్నాను. ఇంటికి వెళ్లే సిటీ బస్సులో చెప్పలేదని తెలిసింది. మరునాడు క్లాసులో ఒప్పుకుని మళ్లీ చెప్పాను. అప్పటికి రెండేళ్లుగా నా థీసిస్‌లో కదలని ఒక నిరూపణలో అదే లోపం ఉందని ఆ వారంలోనే కనబడింది. ఒక స్థిరాంకం బిందువును బట్టి మారుతోంటే, మారదని అనుకుంటూ వచ్చాను. ఆ అబ్బాయి ప్రశ్న లేకపోతే ఇంకెన్నాళ్లు పట్టేదో. మీ పద్దెనిమిది పీరియడ్లలో కనీసం ఒక పేపరు మీ పరిశోధనకు దగ్గరగా ఉండేలా అడిగి తీసుకోండి, ఆదివారం ఉదయం నాలుగు గంటలు ఎవరికీ ఇవ్వకండి.

ప్రశ్న: విశ్వం విస్తరిస్తోందంటారు. ఏ ఖాళీలోకి విస్తరిస్తోంది? అవతల ఏముంది?
– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మల్కాజిగిరి

జవాబు: సుల్తాన్ బజారులో దర్జీ సామాన్లు అమ్మే కొట్టులో వెడల్పాటి ఎలాస్టిక్ ఒక బారెడు కొనండి. సెంటీమీటరుకొక చుక్క చొప్పున బాల్‌పెన్నుతో పెట్టండి. ఏదో ఒక చుక్క మీ ఇల్లనుకోండి. మీ మనవడు రెండో కొన పట్టుకుని ఎలాస్టిక్ రెండింతలు పొడవయ్యేదాకా లాగాలి. మీ ఇంటి పక్క చుక్క ఒక సెంటీమీటరునుంచి రెండుకు వెళ్లింది, అంటే ఒకటి జరిగింది. అయిదో చుక్క అయిదునుంచి పదికి వెళ్లింది, అంటే అదే వ్యవధిలో అయిదు జరిగింది. దూరం ఎన్ని రెట్లయితే వేగం అన్ని రెట్లు. హబుల్ చూసిందీ ఇదే. ఇప్పుడు వేరే చుక్కను మీ ఇల్లనుకుని మళ్లీ కొలవండి, అదే వరస వస్తుంది. మనం మధ్యలో ఉన్నామనడానికి ఆధారం లేదు.

ఎలాస్టిక్‌కు కొనలున్నాయి, దాని చుట్టూ గది ఉంది, పోలిక అక్కడితో ఆగుతుంది. విస్తరణ అంటే గెలాక్సీల మధ్య దూరాలు పెరగడం. ఆ దూరాలను విశ్వం లోపలినుంచే కొలుస్తాము. బయట ఒక ఖాళీ ఉండాలన్న అవసరం సమీకరణంలో ఎక్కడా రాదు. వక్రతను బయటినుంచి చూడకుండా లోపలి కొలతలతోనే చెప్పవచ్చని జర్మనీ గణితవేత్త గౌస్ 1820ల్లోనే చూపించారు, ఆయన శిష్యుడు రీమాన్ 1854లో ఎన్ని పరిమాణాలకైనా దాన్ని విస్తరించారు. విశ్వశాస్త్రం వాళ్ల గణితం మీదనే నిలబడింది.

విస్తరణ ఇప్పుడు ఎంత వేగంగా ఉందన్న కొలతలో తేడా ఉందని కూడా తెలుసుకోండి. తొలినాటి విశ్వపు సూక్ష్మతరంగ కాంతిని ప్లాంక్ ఉపగ్రహం కొలిచినదాన్ని బట్టి మెగాపార్సెక్‌కు సెకనుకు సుమారు 67 కిలోమీటర్లు, దగ్గరి గెలాక్సీల్లో సెఫీడ్ నక్షత్రాలను (వెలుగు క్రమం తప్పకుండా పెరిగి తగ్గేవి), సూపర్నోవాలను మెట్లుగా వాడి కొలిస్తే సుమారు 73. ఈ తేడా కొలతల్లోని లోపమా, భౌతికశాస్త్రంలో మనకు తెలియనిదా అన్న చర్చ నడుస్తోంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ పూర్తిచేసి క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం వద్దంటున్నాడు. గణితంలో పిహెచ్.డి. చేస్తాడట. వాడి భవిష్యత్తు ఏమిటో అర్థం కావడం లేదు.
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: మీ భయం సహజమైనది, దాన్ని కొట్టిపారేయను. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000, అద్దె భత్యం అదనం. క్యాంపస్ ఉద్యోగంతో పోల్చడానికి ఇది చాలకపోవచ్చు గానీ, ఒక మనిషి తన ఖర్చు తాను చూసుకోవడానికి చాలుతుంది. పట్టా చేతికి రావడానికి అయిదారేళ్లు. ఆ తరువాత ఒకటి రెండు పోస్ట్ డాక్టోరల్ ఉద్యోగాలు, సాధారణంగా వేరే ఊళ్లలో. శాశ్వత ఉద్యోగం దొరుకుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

ఇంజనీరింగ్ గణితంలో సూత్రాలు వాడడం నేర్పుతారు, నిరూపణ రాయడం నేర్పరు. ఆ పని మీ వాడికి ఇష్టమో కాదో ముందు తెలియాలి. 1993లో ఆచార్య ఎస్. కుమరేశన్ మొదలుపెట్టిన ఎంటీటీఎస్ అనే గణిత శిక్షణ వేసవి శిబిరాల్లో నాలుగు వారాలు విద్యార్థులచేతనే నల్లబల్ల దగ్గర నిరూపణలు చెప్పిస్తారు. కుమరేశన్ గారు తరువాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ బోధించారు. అటువంటి శిబిరానికి వెళ్లి వచ్చాక కూడా అబ్బాయి అదే మాట మీద ఉంటే అడ్డుపడకండి. వద్దనుకుని తిరిగి వస్తే ఒక వేసవి పోతుంది, అంతే.

ప్రశ్న: తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు నా రియల్ అనాలిసిస్ క్లాసులో నోరు విప్పరు. తెలుగులో చెబితే పోటీ పరీక్షల్లో నష్టపోతారని తోటి అధ్యాపకులు అంటున్నారు. ఏ భాషలో చెప్పాలి?
– ఒక అధ్యాపకురాలు, మలక్‌పేట

జవాబు: ఆలోచన తెలుగులో, రాత ఇంగ్లీషులో. నా మట్టుకు నేను చివరిదాకా ఇలాగే చేశాను.

అవధి నిర్వచనం చెప్పే రోజున ఇద్దరు పిల్లలను బల్ల దగ్గరకు పిలిచేవాణ్ణి. ఒకరు కొనేవారు, ఒకరు అమ్మేవారు. ‘తేడా ఎంతలోపు ఉండాలి?’ అని అమ్మేవాడు అడగాలి. ‘నూరో వంతు’ అంటుంది కొనే అమ్మాయి. ‘అయితే బిందువుకు ఇంత దగ్గరికి రా, ఆ తేడా దాటనివ్వను’ అని వాడు ఒక సంఖ్య రాయాలి. ‘వెయ్యో వంతు కావాలి’ అంటుంది. వాడు ఇంకో సంఖ్య రాస్తాడు. ఆమె ఎంత చిన్నది అడిగినా వాడి దగ్గర జవాబు ఉంటే అవధి ఉన్నట్లు. ఆమె అడిగేది ఎప్సిలాన్, వాడు ఇచ్చేది డెల్టా. ఎవరు ముందు మాట్లాడతారన్నది పిల్లలు ఒకసారి ఆడాక మరిచిపోరు. ఇంగ్లీషు నిర్వచనంలో ‘ప్రతి’, ‘ఏదో ఒక’ అనే మాటల వరస ఎందుకు మార్చకూడదో అప్పుడు అడగండి, నోరు విప్పని పిల్లలే చెబుతారు. ఆ తరువాత ఆ నిర్వచనాన్ని ఇంగ్లీషులో అయిదుసార్లు రాయించండి.

హైదరాబాదుకు ఈ చర్చ కొత్త కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య చెప్పడానికి మొదలైంది, అందుకోసం అనువాద విభాగం పెట్టి గణితం, విజ్ఞానశాస్త్రాల పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ స్థాయి పుస్తకాలు తెలుగులో తెచ్చింది. వాటిలో కొన్ని పారిభాషిక పదాలు పిల్లలకు ఇంగ్లీషుకంటే కష్టమని నాకు అనిపించేది. అవకలనం, సమాకలనం వంటివి నిలిచాయి. నిలవనివాటిని పట్టుకు వేలాడక టోపాలజీని టోపాలజీ అనే అనండి.

ప్రశ్న: చిన్నప్పుడు బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ గుమ్మటాలు చూసేవాళ్లం. అక్కడ నిజంగా ఏ పని జరిగేది? ఇప్పటి విశ్వశాస్త్రానికి దానితో సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో సొంతంగా పెట్టిన వేధశాల అది. ఆయన మరణం తరువాత 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని చేపట్టింది, బేగంపేటకు మారింది, కాలక్రమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. భారతీయ ఖగోళశాస్త్రానికి పెద్దదిక్కైన వేణు బప్పు తండ్రి అక్కడ పనిచేసేవారు, బప్పు నిజాం కాలేజీలో చదువుకున్నారు. 1968లో విశ్వవిద్యాలయం నగరానికి దూరంగా జపాల్–రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని నెలకొల్పింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణపు దారి సరిగ్గా అటుమీదుగా పోయింది.

బేగంపేటలో జరిగిన పెద్ద పని నక్షత్రాల పట్టిక. ఆకాశమంతటినీ ఫొటో ఫలకాల మీద ఎక్కించి నక్షత్రాల స్థానాలు కొలవాలని 1887లో పారిస్‌లో అంతర్జాతీయ నిర్ణయం జరిగింది, ఆకాశాన్ని పట్టీలుగా కోసి వేధశాలలకు పంచారు. మొదట చిలీలోని సాంటియాగోకు ఇచ్చిన పట్టీని, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఉన్నదాన్ని, హైదరాబాదు తీసుకుంది. ఆ పథకానికి పెట్టుకున్న కొలత ప్రకారం ఫలకం మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కళ, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. చంద్రబింబం ముప్పై మిల్లీమీటర్లు పడుతుందన్నమాట. సిబ్బంది సూక్ష్మదర్శినిలో ఒక్కొక్క నల్లచుక్కనూ చూసి అడ్డం, నిలువు కొలతలు రెండు రాసుకునేవారు, ఇలా లక్షల నక్షత్రాలకు.

ఆ రెండు సంఖ్యలను ఆకాశంలోని స్థానంగా మార్చడమే గణితం. ఫలకం కొంచెం తిరిగి ఉండవచ్చు, పక్కకు జరిగి ఉండవచ్చు, కొలబద్ద అటూ ఇటూ ఉండవచ్చు. వీటన్నింటినీ ఆరు స్థిరాంకాల్లో ఇమిడ్చి, స్థానం ముందే తెలిసిన కొన్ని నక్షత్రాల సాయంతో కనిష్ఠ వర్గాల పద్ధతిలో, అంటే తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా చూసి, ఆ ఆరింటినీ రాబట్టేవారు. నేటి ఎం.ఎస్సీ. విద్యార్థి లీనియర్ ఆల్జీబ్రాలో చేసే లెక్కే అది, అప్పట్లో కాగితం మీద, ఒక్కో ఫలకానికి ఒక్కోసారి.

ఆ సంపుటాలు అచ్చయ్యాక చాలాకాలం వాటిని పట్టించుకున్నవారు తక్కువ. 1989లో ఐరోపా వాళ్లు హిప్పార్కస్ ఉపగ్రహాన్ని పంపి నక్షత్రాల స్థానాలను మునుపెన్నడూ లేనంత నిశితంగా కొలిచారు. ఒక నక్షత్రం ఆకాశంలో ఎటు కదులుతోందో తెలియాలంటే దాని పాత స్థానం కూడా కావాలి, ఎంత పాతదైతే అంత మంచిది. వికళ అంటే కళలో అరవయ్యో వంతు. ఏడాదికి వికళలో నూరో వంతు కదిలే నక్షత్రం ఎనభై ఏళ్లకు ఒక వికళకు దగ్గరగా జరుగుతుంది, ఆ ఫలకాల కొలతలో అది మిల్లీమీటరులో అరవయ్యో వంతుకు కాస్త తక్కువ. 2000లో వెలువడిన టైకో–2 పట్టికలో 25 లక్షల నక్షత్రాలున్నాయి. వాటి చలనాలు లెక్కగట్టడానికి ఉపగ్రహపు కొలతల పక్కన పెట్టిన పాత కొలతల్లో ప్రధానమైనవి ఆ అంతర్జాతీయ పట్టికవే, అందులో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ బేగంపేటలో కొలిచినది.